పాత ఎగ్జోటిక్ స్పోర్ట్స్ కారు కొనేముందు మరమ్మతు ముప్పును అంచనా కట్టడం ఎలా?

పాతబడిన కొద్దీ స్పోర్ట్స్ కారు ధర పడిపోతుంది గాని, దాని విడిభాగాల ధర పడిపోదు. ఫెరారీ, లాంబోర్గిని, మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్ వంటి కార్లు కొత్తప్పటి ధరలో సగానికే దొరికినప్పటికీ, వాటికి క్లచ్ మార్చాలన్నా, గేర్‌బాక్స్ బాగు చేయించాలన్నా కొత్త కారు యజమాని చెల్లించినంతా చెల్లించవలసిందే. అందుకే ఇలాంటి కారును ఎంత పెట్టి కొంటున్నామన్నది ఒక లెక్క అయితే, కొన్న తరువాత రెండు మూడేళ్లలో దాని మీద ఎంత పెట్టవలసి వస్తుందన్నది అంతకంటే ముఖ్యమైన లెక్క. రెండో లెక్కను కాగితం మీద వేసుకోకుండా మొదటిదాన్ని బేరమాడి సంతోషపడేవారి విషయంలోనే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఈ లెక్క వేయడానికి మెకానిక్ అయి ఉండనక్కరలేదు. అయితే ఒక విషయం మొదటే గట్టిగా మనసులో పెట్టుకోవాలి. లోపం ఉన్నదని స్పష్టంగా తెలిసిన కారు కంటే, లోపం ఉందో లేదో తేల్చుకోనివ్వని కారు ఎక్కువ ప్రమాదకరం. క్లచ్ అరిగిపోయిందని తేలితే ఆ మొత్తాన్ని ధరలో తగ్గించుకుని నిశ్చింతగా కొనవచ్చు. క్లచ్ ఎంత అరిగిందో చూడటానికి అమ్మకందారు ఒప్పుకోకపోతే, ఏ ధర న్యాయమైనదో చెప్పడం ఎవరి వల్లా కాదు. ఈ వ్యాసంలో చెప్పబోయే పరీక్షలన్నీ తెలియనిదాన్ని వీలైనంత వరకు తెలిసినదిగా మార్చుకోవడానికి ఉద్దేశించినవే.

ఖర్చులను మూడుగా విడదీయండి

మొదటి రకం ఖర్చు తప్పక వచ్చేది. టైర్లు, బ్రేకులు, క్లచ్, టైమింగ్ బెల్టు (వాల్వులు పిస్టన్లతో లయ తప్పకుండా కదిలేలా చూసే బెల్టు), బ్యాటరీ, ఆయిల్, కూలెంట్ ఈ కోవలోకి వస్తాయి. ఇవి చివరిసారి ఎప్పుడు మార్చారో, మళ్లీ ఎప్పుడు మార్చాలో తెలిస్తే చాలు. రెండో రకం ఆ మోడల్‌కే పరిమితమైన బలహీనతల వల్ల వచ్చేది. ప్రతి కారులోనూ ఆ లోపం బయటపడకపోవచ్చు గాని, ఎక్కడ వెతకాలో ముందే తెలుసు కనుక పరీక్షించి తేల్చుకునే అవకాశం ఉంటుంది. మూడో రకం ఏ హెచ్చరికా లేకుండా మీద పడేది. బేరింగు విరిగి ఇంజిన్ పాడైపోవడం, గేర్‌బాక్స్ లోపల ఏదో తెగిపోవడం వంటివి తనిఖీలో కనిపించకపోవచ్చు. మొదటి రకానికి బేరం, రెండో రకానికి పరీక్ష, మూడో రకానికి చేతిలో విడిగా ఉంచుకున్న డబ్బు సమాధానాలు. చాలామంది ఈ మూడింటినీ కలిపి, ఈ కారు నమ్మదగినదా కాదా అని ఒకే ప్రశ్నగా అడుగుతారు. ఆ ప్రశ్నకు ఉపయోగపడే జవాబు దొరకదు.

మోడల్ గురించి ముందుగా తెలుసుకోవలసినవి

కారును చూడటానికి వెళ్లేముందే దాని ఇంజిన్, గేర్‌బాక్స్ రకాలను సంవత్సరంతో సహా తెలుసుకోవాలి. ఒకే పేరుతో అమ్ముడైన కార్లలో కూడా రెండేళ్ల తేడాతో ముప్పు పూర్తిగా మారిపోతుంది.

దీనికి పోర్షే కార్లు చక్కటి ఉదాహరణ. 1990ల చివరి నుంచి వచ్చిన 996 తరం 911 లోనూ, మొదటి తరం బాక్‌స్టర్ లోనూ ఉన్న ఎం96 ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్టులను (వాల్వులను తెరిచి మూసే కడ్డీలను) తిప్పడానికి ఒక ఇంటర్మీడియట్ షాఫ్ట్ ఉంటుంది. దాని ఒక చివర ఉండే సీలు వేసిన బేరింగులోకి కాలక్రమంలో ఇంజిన్ ఆయిల్ చేరి లోపలి గ్రీజును కడిగేస్తే, బేరింగు అరిగి విరిగిపోయే ప్రమాదం ఉంది. విరిగితే టైమింగ్ తప్పి, వాల్వులు పిస్టన్లకు తగిలి మొత్తం ఇంజిన్ పనికిరాకుండా పోతుంది. 2005 వరకు వచ్చిన చాలా ఇంజిన్లలో ఈ బేరింగును, గేర్‌బాక్స్ దించిన తరువాత, ఇంజిన్ విప్పకుండానే మార్చవచ్చు. ఆ తరువాత 2008 వరకు వచ్చినవాటిలో పెద్ద బేరింగు పెట్టారు. అది పాడయ్యే అవకాశం తక్కువే గాని, ఇంజిన్‌ను రెండుగా విప్పితే తప్ప దాన్ని తీయడానికి వీలుండదు. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ షాఫ్టే లేదు. అదే 996 తరానికి చెందిన టర్బో, జీటీ3 కార్లలో వేరే వంశానికి చెందిన ఇంజిన్ ఉండటం వల్ల వాటికి ఈ సమస్య లేదు. అయితే వాటిలో కూలెంట్ పైపులను జిగురుతో అతికించిన చోట ఊడిపోయే స్వభావం ఉంది కనుక, ఆ అతుకులకు వెల్డింగు గాని, పిన్నులు గాని వేయించారా అని అడగాలి.

ఒకే 911 పేరు మీద ఇన్ని తేడాలున్నప్పుడు, పోర్షే ఇంజిన్ మంచిదేనా అన్న ప్రశ్నకు అర్థం లేదని తెలుస్తూనే ఉంది. ఈ బేరింగును క్లచ్ మార్చే సమయంలోనే మార్చడం తెలివైన పని, ఎందుకంటే రెండింటికీ గేర్‌బాక్స్ దించే కూలి ఒక్కటే. క్లచ్ కొత్తగా వేయించిన బిల్లు ఉండి, బేరింగు మార్చినట్టు అందులో లేకపోతే, ఆ యజమాని కారును ఎలా చూసుకున్నాడో ఆ ఒక్క బిల్లే కొంత చెబుతుంది.

ఫెరారీలలో టైమింగ్ బెల్టు ఉన్న మోడళ్లు, చైన్ ఉన్న మోడళ్లు అని ముందు విడదీసుకోవాలి. 1994 నుంచి 1999 వరకు తయారైన ఎఫ్355కి బెల్టు మార్చాలంటే ఇంజిన్ దించాలి. దాని తరువాత వచ్చిన 360లో సీట్ల వెనక ఉన్న మూత తీసి ఇంజిన్ దించకుండానే మార్చవచ్చు. 2004లో వచ్చిన ఎఫ్430లో చైన్ ఉంది కనుక బెల్టు ఖర్చే లేదు. బెల్టు వయసును కిలోమీటర్లతో కాక సంవత్సరాలతో కొలవాలి. మూడు నుంచి అయిదేళ్లకు ఒకసారి మార్చడం సాధారణ పద్ధతి. కారు గ్యారేజీలో కదలకుండా ఉన్నా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. ఎఫ్355లో వాల్వు గైడ్లు త్వరగా అరగడం, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (ఇంజిన్ నుంచి పొగను బయటికి తీసుకుపోయే గొట్టాలు) పగలడం కూడా పేరుపడ్డ సమస్యలు. మానిఫోల్డ్ పగుళ్లు ఎఫ్430లో కూడా కనిపిస్తాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వినిపించే టకటక శబ్దం కాసేపట్లో తగ్గిపోయినా తేలిగ్గా తీసుకోకూడదు.

మెక్‌లారెన్ 12సీ వంటి కార్లలో హైడ్రాలిక్ సస్పెన్షన్‌లోని అక్యుమ్యులేటర్లలో, అంటే ఒత్తిడిని నిలవ ఉంచే డబ్బాలలో, ఉండే గ్యాసు ఒత్తిడి ఏళ్లు గడిచే కొద్దీ తగ్గుతుంది, అప్పుడు వాటిని మార్చవలసి ఉంటుంది. 1990లలోని తొలి హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ కార్లలో కొన్నింటి అయిదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సుల్లో ఒక స్నాప్ రింగు (భాగాలను వాటి చోట పట్టి ఉంచే ఉంగరం) విరిగే లోపం ఉంది. ఆ గేర్‌బాక్సు మీది నంబరును చూసి, లోపమున్న శ్రేణిలోకి వస్తుందో లేదో తెలుసుకోవచ్చు. ముప్పును వీలైనంత తగ్గించుకోదలచినవారికి, టయోటా ఇంజిన్లతో వచ్చిన లోటస్ ఎలీస్, ఎవోరా కార్లను ముందుగా చూడమని నా సలహా. వాటి ఇంజిన్‌కు సంబంధించిన మరమ్మతు సాధారణ కారు మరమ్మతుకు దగ్గరగా ఉంటుంది. అయితే ఎలీస్ ముందుభాగం పెద్ద ఒకే ముక్కగా పోతపోసి ఉంటుంది కనుక, చిన్న ఢీకి కూడా ఖర్చు పెద్దదే.

గేర్‌బాక్సే అసలు ఖర్చు

ఇంజిన్ గురించి అందరూ భయపడతారు గాని, 2000 దశకంలోని ఎగ్జోటిక్ కార్లలో యజమానుల జేబును ఎక్కువగా ఖాళీ చేసేది క్లచ్, గేర్‌బాక్సులే. ఆ కాలంలో ఫెరారీ ఎఫ్1 అన్న పేరుతోనూ, లాంబోర్గిని ఇ-గేర్ అన్న పేరుతోనూ ఇచ్చిన గేర్‌బాక్సులు లోపల మాన్యువల్ గేర్‌బాక్సులే. క్లచ్ తొక్కే పనిని, గేరు మార్చే పనిని ఒక హైడ్రాలిక్ వ్యవస్థ చేస్తుంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా పాకించినప్పుడు, ఎత్తు మీద నిలిపినప్పుడు, వెనక్కి తీసినప్పుడు క్లచ్ జారుతూ వేగంగా అరుగుతుంది. ఒకే మోడల్‌లో ఒకరి చేతిలో ఎన్నో ఏళ్లు నిలిచిన క్లచ్, మరొకరి చేతిలో కొన్ని వేల కిలోమీటర్లకే అయిపోవచ్చు.

ఈ క్లచ్ ఎంత అరిగిందో కంపెనీ కంప్యూటరుతో గాని, దానికి సమానమైన పరికరంతో గాని శాతంలో చూడవచ్చు. ఆ శాతాన్ని గుడ్డిగా నమ్మకూడదు. కొత్త క్లచ్ వేసినప్పుడు దాని స్థానాన్ని కొత్తదిగా కంప్యూటరులో నమోదు చేస్తారు. అరుగుదలను అక్కడి నుంచే లెక్కిస్తారు. నమోదు సరిగా చేయకపోతే అంకె తప్పుతుంది. అందుకని క్లచ్ మార్చిన బిల్లు తేదీ, అప్పటి కిలోమీటర్లు, ఇప్పటి అరుగుదల శాతం ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూడాలి. హైడ్రాలిక్ పంపును చెవితోనే పరీక్షించవచ్చు. ఎఫ్1 గేర్‌బాక్సు ఉన్న ఫెరారీలలో తలుపు తెరవగానే పంపు గుయ్యిమని కాసేపు తిరిగి ఆగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా, గేరు మార్చకుండానే అది మాటిమాటికీ తిరుగుతుంటే ఒత్తిడి ఎక్కడో నిలవడం లేదని అర్థం. అక్యుమ్యులేటరు ఒక్కటే పోయి ఉంటే ఖర్చు కొద్దిగానే ఉంటుంది. పంపు లేక యాక్చుయేటరు (గేర్లను కదిపే భాగం) దాకా వెళితే పెద్దదవుతుంది.

2008లో వచ్చిన ఫెరారీ కాలిఫోర్నియా, 2009లో వచ్చిన 458 ఇటాలియా నుంచి డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సులు మొదలయ్యాయి. వీటిలో క్లచ్ అరుగుదల సమస్య దాదాపు పోయింది గాని, లోపలి సెన్సరు ఒకటి పాడైనా మొత్తం గేర్‌బాక్సును మార్చాలని అధికారిక సర్వీసులో చెప్పిన రోజులున్నాయి. ఇప్పుడు వాటిని విప్పి బాగుచేయగల స్వతంత్ర నిపుణులు ఉన్నారు కనుక, అలాంటివారు మీకు అందుబాటులో ఉన్నారో లేదో కొనకముందే తెలుసుకోవాలి. ముప్పు కారులో ఎంత ఉంటుందో, దాన్ని బాగుచేయగలవారు ఎంత దూరంలో ఉన్నారన్నదానిలోనూ అంతే ఉంటుంది.

తనిఖీని ఎలా చేయించాలి

తనిఖీకి ఆ మోడల్ మీదే పనిచేసిన నిపుణుణ్ణి మీరే ఎంచుకుని, మీ డబ్బుతోనే చేయించుకోవాలి. అమ్మకందారు చూపించిన వర్క్‌షాపు ఎంత పేరున్నదైనా సరే, దాని పాత కస్టమరు ఆయనే. తనిఖీ జరిగే రోజు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలని ముందే షరతు పెట్టండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే మొహమాటపడకుండా ఇంకో రోజుకు వాయిదా వేయండి. చల్లటి స్టార్టింగులో వచ్చే శబ్దాలు, పొగ వేడెక్కిన ఇంజిన్‌లో కనిపించకుండా పోతాయి. నీలి పొగ ఆయిల్ కాలుతోందనడానికి, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లటి పొగ కూలెంట్ లోపలికి వెళుతోందనడానికి సూచన.

సిలిండర్లలో పుట్టే ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ టెస్టుతో సరిపెట్టుకోకుండా లీక్‌డౌన్ టెస్టు కూడా అడగండి. ఇందులో ఒక్కొక్క సిలిండరును, పిస్టన్ పైకి వచ్చి వాల్వులన్నీ మూసుకుని ఉన్న స్థితిలో నిలిపి, స్పార్క్ ప్లగ్గు రంధ్రం గుండా నిర్ణీత ఒత్తిడితో గాలి పంపి, ఎంత శాతం బయటికి పోతోందో కొలుస్తారు. పది శాతం లోపు ఉంటే సాధారణంగా సంతృప్తికరం, ఇరవై దాటితే కారణం వెతకవలసిందే. అన్ని సిలిండర్లలోనూ ఎనిమిది ఉండటం కంటే, ఏడింటిలో అయిదు ఉండి ఒక్కదానిలో పద్దెనిమిది ఉండటం ఎక్కువ ఆందోళన కలిగించాలి. గాలి ఎటు పోతోందో వినడంలో అసలు సమాచారం ఉంటుంది. సైలెన్సరు గొట్టంలో బుసబుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి లోపలికి పీల్చే దారిలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత తీసిన చోట వినిపిస్తే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. రేడియేటర్ కూలెంట్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఎం96, దాని తరువాతి ఎం97 పోర్షే ఇంజిన్లకు దీనితోపాటు సన్నటి కెమెరాను లోపలికి పంపి సిలిండరు గోడల మీద గీతలున్నాయేమో కూడా చూడాలి. రెండు ఎగ్జాస్ట్ గొట్టాలలో ఒకదానిలో మసి ఎక్కువగా పట్టి ఉండటం ఆ గీతలకు బయటినుంచి కనిపించే గుర్తు.

కంప్యూటరు నుంచి తీసే సమాచారంలో ఎర్రర్ కోడ్లు ఒక్కటే చూసి ఊరుకోకూడదు. కోడ్లు ఏవీ లేకపోయినా, ఉద్గారాల స్వీయపరీక్షలు ఇంకా పూర్తికాలేదని కంప్యూటరు చూపిస్తుంటే, ఈ మధ్యనే ఎవరో కోడ్లు చెరిపారని గాని, బ్యాటరీ తీసి పెట్టారని గాని అనుకోవాలి. పోర్షే కార్లలో ఇంజిన్ పరిమితికి మించి తిరిగిన సందర్భాలు కూడా నమోదై ఉంటాయి. 996 తరువాత వచ్చిన 997 తరం 911 నుంచి వీటిని ఆరు శ్రేణులుగా విభజించారు. మొదటి రెండు శ్రేణుల్లో అంకెలు ఉండటం మామూలే, యాక్సిలరేటరును గట్టిగా తొక్కినా అవి వస్తాయి. నాలుగు నుంచి ఆరు శ్రేణుల్లో అంకెలుంటే, వేగంగా పోతూ పొరపాటున తక్కువ గేరులోకి వేసి ఉంటారు. అలాంటప్పుడు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి గనుక ఇంధనం ఆపినా వేగం ఆగదు. ఆ నమోదు పక్కనే అది ఎన్నో గంట దగ్గర జరిగిందో కూడా ఉంటుంది. చివరి సంఘటన 300వ గంట దగ్గర జరిగి, ఇప్పుడు ఇంజిన్ 900 గంటలు నడిచి ఉంటే, ఆ తరువాత ఆరువందల గంటలు ఏమీ కాకుండా నడిచిందని కొంత ధైర్యం తెచ్చుకోవచ్చు. 895వ గంట దగ్గర జరిగి ఉంటే ఆ కారును వదిలేయడమే నయం. ఈ గంటలతో ఇంకో ఉపయోగమూ ఉంది. మీటరు మీది కిలోమీటర్లను గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది, అది నమ్మశక్యం కానంత తక్కువగా ఉంటే మీటరును అనుమానించడానికి కారణం దొరికినట్టే.

కార్బన్ సిరామిక్ బ్రేకు డిస్కులు కంటికి కొత్తవిలా కనిపిస్తూనే అరిగిపోయి ఉండవచ్చు. ఇలాంటి చాలా డిస్కుల మధ్యభాగం మీద కనీస బరువు చెక్కి ఉంటుంది. డిస్కును విప్పి తూచి దానితో పోల్చాలి. నాలుగు డిస్కుల ఖర్చు కొన్నిసార్లు క్లచ్ ఖర్చును మించిపోతుంది కాబట్టి, ఈ శ్రమ పడటం అవసరం. టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, ఉదాహరణకు 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా, ఎన్నో ఏళ్లు దాటిన టైరుతో ఇలాంటి కారును వేగంగా నడపకూడదు.

తక్కువ తిరిగిన కారు

ఇరవై ఏళ్లలో కొద్ది వేల కిలోమీటర్లే తిరిగిన కారును చూసి చాలామంది ముచ్చటపడతారు. మరమ్మతు దృష్టితో చూస్తే, ఏటా క్రమంగా తిరుగుతూ సమయానికి సర్వీసు అయిన కారునే నేను ఎంచుకుంటాను. కదలకుండా నిలిపిన కారులో ఆయిల్ సీళ్లు ఎండి కారడం మొదలవుతుంది, బ్రేకు ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, పెట్రోలు చెడి ఇంజెక్టర్లకు పట్టుకుంటుంది. కొన్న తరువాత మీరు నాలుగు రోజులు బాగా నడిపేసరికి ఇవన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి.

రికార్డుల్లో కూడా సర్వీసు పుస్తకంలోని స్టాంపుల వరసను కాక బిల్లులను చదవాలి. ఏ పార్టు మార్చారు, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు, మునుపటి బిల్లులో చేయించాలని సూచించిన పని తరువాతి బిల్లులో కనిపిస్తోందా అన్నవి చూడాలి. ఫెరారీ 2011 నుంచి కొత్త కార్లకు ఏడేళ్లపాటు నిర్ణీత సర్వీసును ఉచితంగా ఇస్తోంది కనుక ఆ కార్లకు రికార్డులు సాధారణంగా బాగానే ఉంటాయి. అది సర్వీసు పథకమే గాని వారంటీ కాదన్నది గుర్తుంచుకోవాలి.

అంకెలు వేసే పద్ధతి

కారు ధరను వంద అనుకుందాం. తనిఖీలో క్లచ్ చివరికి వచ్చిందని తేలింది, దానికి ఆరు. బెల్టు గడువు దాటింది, అయిదు. టైర్లకు రెండు. ఈ పదమూడూ తప్పక వచ్చే ఖర్చు కనుక దాన్ని ధరలో నుంచి తగ్గించమని, వర్క్‌షాపు ఇచ్చిన అంచనా కాగితం చూపించి అడగవచ్చు. ఇప్పుడు ఇంజిన్ పూర్తిగా పాడయ్యే అవకాశం ఇరవైలో ఒకటి అని, అలా జరిగితే ఖర్చు నలభై అని అనుకుందాం. సగటు లెక్కలో అది రెండు మాత్రమే. కానీ మీరు రెండు చెల్లించరు. సున్నా చెల్లిస్తారు, లేకపోతే నలభై చెల్లిస్తారు. వంద కార్లు ఉన్నవారికి సగటు పనికివస్తుంది, ఒక్క కారు కొనేవారు ఆ నలభైని తట్టుకోగలరా అన్నదే చూసుకోవాలి. తట్టుకోలేనివారు చవకైన కారు వైపు గాని, నమ్మదగిన ఇంజిన్ ఉన్న మోడల్ వైపు గాని మళ్లడం మంచిది. పొడిగించిన వారంటీ కొనేటట్టయితే, క్లచ్, సీళ్లు, అరుగుదల వల్ల వచ్చే లోపాలు అందులో చేరాయా, ఒక్కో మరమ్మతుకు గరిష్ఠ పరిమితి ఎంత అన్నవి ఒప్పందంలో చదివి తెలుసుకోవాలి. ఆ పరిమితి గేర్‌బాక్సు ధర కంటే తక్కువగా ఉంటే, మీరు దేనికి భయపడి వారంటీ తీసుకున్నారో దానికి అది పూర్తిగా రక్షణ ఇవ్వదు.

కొన్న వెంటనే, అమ్మకందారు ఏం చెప్పినా సరే, ఆయిళ్లన్నీ, కూలెంట్, బ్రేకు ఆయిల్ మార్పించండి. తీసిన ఆయిల్ ఫిల్టరును పారేయనివ్వకుండా, కోసి లోపలి కాగితాన్ని విప్పి చూడమని మెకానిక్‌ను అడగండి. అయస్కాంతానికి అంటుకునే ఉక్కు పొడి బేరింగుల నుంచి, గేర్ల నుంచి, చైన్ల నుంచి వస్తుంది. అంటుకోకుండా మెరిసే రేకులు అల్యూమినియం భాగాలవో, షాఫ్టు బేరింగు చిప్పలవో అయి ఉంటాయి. ఆయిల్ నమూనాను ల్యాబుకు పంపి, వచ్చిన నివేదికను దాచి ఉంచి, తరువాతి సర్వీసులో వచ్చిన నివేదికతో పోల్చితే ఏ లోహం పెరుగుతోందో, ఏది నిలకడగా ఉందో తెలుస్తుంది. ఒక్క నివేదిక చూసి నిర్ణయానికి రాకూడదు, కనీసం రెండు చేతిలో ఉన్న తరువాతే ఇంజిన్ విప్పించాలా వద్దా అన్నది ఆలోచించాలి.